సరిహద్దులో తిప్పి పంపిన మామిడి లారీ

ఆ వేసవిలో కర్ణాటక లారీలను ఆపడానికి నేను కూడా సరిహద్దు చెక్‌పోస్టుకు వెళ్ళాను. ఎవరూ లాక్కుపోలేదు. కోపంతో నేనే వెళ్ళాను.

వడమాలపేట దగ్గర నాయనకూ నాకూ చిన్న తోతాపురి మామిడి తోట ఉంది. తోతాపురిని తినడానికి కొనేవాళ్ళు తక్కువ, గుజ్జు తీసే ఫ్యాక్టరీలకే తోలాలి. ఒకప్పుడు చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీలు చాలా ఉండేవి. ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గరికి ట్రాక్టరు తిప్పేవాళ్ళం. అవి మూతపడి పెద్ద కంపెనీలు నాలుగే మిగిలాయి. పొద్దున్నే నాలుగు గేట్ల దగ్గరా ఒకటే ధర. దాన్ని వాళ్ళు మార్కెట్ అంటారు.

ఆ ఏడాది విదేశాలు గుజ్జు కొనడం లేదని చెప్పి, కోతకూలి కూడా రాని ధర పెట్టారు. పక్క రాష్ట్రం కాయలు రానివ్వబోమని ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే సంబరపడ్డాను.

మేం ఆపిన లారీలోంచి ఒక ముసలి రైతు దిగి నా దగ్గరికే వచ్చాడు. మాటంతా తెలుగే.

"మా పక్క గుజ్జు ఫ్యాక్టరీ లేదు తల్లీ. ఎన్నేండ్లుగానో ఈడికే తెస్తా ఉండాము. ఇప్పుడు యాడికి పోవాల?"

"మా కాయలకే దిక్కు లేదు. మీరొచ్చి ధర పడగొడతా ఉండారు."

"ధర నేను పెడతానా అమ్మా?"

అయినా లారీని తిప్పించాను.

వారం తర్వాత మా కాయలు ఫ్యాక్టరీకి తోలుకుపోయాం. రెండు రోజులు వరుసలోనే ఉన్నాం. ఎండకు అడుగుకాయలు మగ్గి ట్రాలీలోంచి రసం కారసాగింది. మూడోరోజు కొనుగోళ్ళు చూసే ఆయన వచ్చి ఒక కాయ నొక్కి చూశాడు.

"మెత్తబడినాయి. సగం ధరకైతే దించండి."

"మీరు నిలబెట్టినందుకే కదా మెత్తబడినాయి? కర్ణాటక కాయలు ఆగినాయి, ధర ఎందుకు పెంచలేదు?"

ఆయన నవ్వాడు. "అవి వచ్చినా రాకపోయినా మా ధర ఇదేనమ్మా. ఇంకెవరికి అమ్ముతారు మీరు?"

"పోనీలే పాపా, దించేద్దాం," అన్నాడు నాయన. అని, ఆ కొనుగోళ్ళాయన వైపు తిరిగి తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. ఎవరి ముందూ నాయన అలా నిలబడగా నేను చూడలేదు. ట్రాలీ వెనక తలుపు తీసి కాయలన్నీ గేటు ముందే పోసేశాను. దారికి అడ్డం పోశానని పోలీసులు నా మీద కేసు రాశారు. నాలుగు గేట్ల దగ్గరా ఒకే ధర పెట్టినవాళ్ళ మీద ఏ కేసూ లేదు.

వానలకు ముందే సగం చెట్లు కొట్టించాం. అన్నీ నాయన నాటినవే. రంపం ఆడుతుంటే, రేణిగుంటలో పని ఉందని బస్సెక్కాడు. అక్కడ ఆయనకు ఏ పనీ లేదని నాకు తెలుసు.