కోనప్ప ఎడమచెయ్యి

కరోనా తగ్గి హాళ్ళు మళ్ళీ తెరిచిన ఏడాది, ఉగాది దాటాక, నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పంపారు. అప్పట్లో నేను నంద్యాలలో బల్లమీద కథల ఆటలు ఆడించే ఒక హాల్లో ప్రధాన సూత్రధారిని. నా కింద ఇద్దరు సహాయ సూత్రధారులు ఉండేవారు. ఈ ఆటలో కూర్చున్నవాళ్ళు తలా ఒక వీరుణ్ణి ఎంచుకుని, వాడు ఏం చేస్తాడో నోటితో చెబుతారు. కోట, రాక్షసుడు, వాన, దారి సూత్రధారి చెబుతాడు. వీరుడు అనుకున్నది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. రోజంతా మాట్లాడే ఉద్యోగం. గొంతు చెడి, యాభై నిండకముందే విరమించుకున్నాను.

ఏళ్ళుగా ఆడిస్తున్న పాత ఆటనూ, కొత్తగా వచ్చిన ఇంకో ఆటనూ పోల్చి, రెండు ఊళ్ళలో ఇకపై ఏది ఆడించాలో చెప్పమని యజమానురాలి ఆదేశం. రెండూ ఆడించే ఓపిక ఆమెకు లేదు.

నేను లెక్కలు కాలేజీలో చదవలేదు, పాచికలు వేసి నేర్చుకున్నాను. పాత ఆటలో ఇరవై ముఖాల పాచిక ఒకటే వేస్తారు. ఒకటి పడే అవకాశం ఎంతో ఇరవై పడే అవకాశమూ అంతే. కొత్త ఆటలో మామూలు పాచికలు రెండు వేసి కలుపుతారు. ఏడు రావడానికి ఆరు దారులు, పన్నెండుకు ఒక్కటే. కాబట్టి కొత్త ఆటలో వింతలు తక్కువ.

అసలు తేడా దెబ్బల్లో ఉంది. పాత ఆటలో వీరుడికి ప్రాణం పాయింట్లుంటాయి. చివరి పాయింటు దాకా నిండు మనిషిలాగే పోరాడతాడు. అదీ పోతే చావో బతుకో పాచిక చెబుతుంది. బతికితే ఒక నిద్రతో మచ్చ కూడా మిగలదు. కొత్త ఆటలో చావుదెబ్బ చాలాసార్లు అవిటితనంగా మారుతుంది. అది ఇక పోదు. వీరులు చచ్చేది బాగా తక్కువ. నంద్యాల బల్ల ఒక్క పూటలో ఒప్పుకుంది. కొత్త ఆట దయగలదని నివేదిక సగం రాసుకుని బస్సెక్కాను.

ఆళ్లగడ్డలో మా ఆట శిల్పుల షెడ్డులో, ఆదివారం మధ్యాహ్నం ఉలులు ఆగాక మొదలయ్యేది. షెడ్డూ బల్లా బ్రహ్మయ్య ఆచారివి. ఆయన దేవుళ్ళ విగ్రహాలు చెక్కే పెద్దాయన. ఆయన లేస్తే ఆ ఊళ్ళో ఆటే లేదు. ఆయన వీరుడు కోనప్ప, కోట కావలివాడు. ఏళ్ళ తరబడి పాత ఆటలో నడిపించిన వాణ్ణి నల్లరాతిలో బొటనవేలంత చెక్కి బల్లమీద నిలిపేవాడు. నేను పద్ధతి ప్రకారం కోనప్పను కొత్త ఆటలోకి మార్చాను.

ఆటలో వంతెన దగ్గర కోనప్పకు చావుదెబ్బ తగిలింది. పాచిక ప్రకారం ప్రాణం దక్కింది, ఎడమచెయ్యి పోయింది. ఆచారి బొమ్మను తీసి గుడ్డలో చుట్టాడు.

"కుందూ ఏట్లో ఇడిసిపెట్టొస్తా" అన్నాడు.

కోనప్ప బతికే ఉన్నాడని, కత్తి కుడిచేతిలో ఉందని, ఇకపై పాచికల మొత్తంలో ఒకటి తగ్గుతుందంతే అని వివరించాను. విగ్రహం భిన్నమైతే, వేలు విరిగినా సరే, అతికించరని, నిలబెట్టరని, నీళ్ళలో వదులుతారని ఆయన నాకు వివరించాడు.

"పాత ఆటలో సస్తే సచ్చినాడు, బతికితే నిండుగా బతికినాడు. ఈ సగం బతుకేంది సార్?"

రాతికోత మిషన్ నడిపే ఖాజా తన కుడిచెయ్యి బల్లమీద పెట్టాడు. రెండు వేళ్ళు లేవు. మిషన్ తీసుకుంది.

"నన్ను గూడా కుందూలో ఏస్తావా అప్పా?"

"నిన్ను నేను చెక్కల్యా."

"చెక్కింటే?"

ఆచారి షెడ్డు తాళం చేతికి తీసుకున్నాడు. బస్టాండు దారిలో ఖాజా తనకు కొత్త ఆటే కావాలన్నాడు. పాత ఆటలో తన వీరుడు ఎన్నిసార్లు పడినా పది వేళ్ళతోనే లేచాడని, అదేం లెక్కని అడిగాడు. ఆళ్లగడ్డ తేలలేదని యజమానురాలికి చెప్పాను.

మూడు వారాలకు ఆచారి రమ్మని కబురు పెట్టాడు. బల్లమీద కోనప్ప ఉన్నాడు. అదే రాయి, అదే ఎత్తు. ఎడమ భుజం మీంచి కండువా నున్నగా కిందికి జారింది. దాని కింద చెయ్యి లేదు. ఖాజా ఆ భుజాన్ని బొటనవేలితో తడిమాడు.

"ఇరిగినట్లు ల్యాదే."

"ఇరగల్యా. ఇట్లనే చెక్కినా. నిండు బొమ్మే."

పాతది ఏమైందని అడిగాను. కుందూలో ఉందన్నాడు.

"ఆడిచ్చు సార్. వంతెన కాడ నిలబడి శానా దినాలాయ."

రెండు ఊళ్ళకూ కొత్త ఆటే అని నివేదిక ఇచ్చాను. ఆటలను పోల్చేటప్పుడు ఎంతమంది చస్తారన్నది సగం లెక్క. బతికినవాణ్ణి మళ్ళీ బల్లమీద నిలబెట్టడానికి ఎంత పని పడుతుందన్నది మిగతా సగం. పాత ఆటలో ఆ పని ఏమీ లేదు. కొత్త ఆటలో ఆళ్లగడ్డలో అది ఒక్కో దెబ్బకు మూడు వారాలు. నంద్యాలలో ప్లాస్టిక్ బొమ్మలు గనుక, కత్తెరతో చెయ్యి తీసెయ్యడానికి అర నిమిషం.