బిగించిన తాడు

పొద్దున లేవగానే అంకమ్మరావు కుడికన్ను అరచేత్తో మూసుకుని, ఎడమకంటితో గుమ్మం వైపు చూస్తాడు. ఆ కాసేపూ భార్య సుబ్బరావమ్మ పొయ్యి దగ్గర కదలదు. దర్శి చుట్టుపక్కల ఆయన మిర్చి సాళ్లంత తిన్నగా ఎవరివీ ఉండవని పేరు. పోయినేడు, ఏళ్ల తరబడి తన చేలో సాళ్లు తోలే జక్రయ్య మీద విరుచుకుపడ్డాడు. "ఏందిరా, సాలు పాములా మెలికలు తిరిగింది! కళ్లెక్కడ పెట్టుకున్నావురా?" జక్రయ్య గట్టు నుంచి గట్టుకి తాడు లాగి కట్టాడు. "ఇప్పుడు చూడండయ్యా." తాడు కూడా నడిమధ్య వంగింది. అంకమ్మరావు ఎడమకన్ను మూశాడు, తాడు తిన్నగా ఉంది. కుడికన్ను మూశాడు, వంగింది. గట్టు మీదే కూలబడ్డాడు.

షుగరు వల్ల ఎడమకంటి లోపలి రెటీనా పొర వాచిందని గుంటూరు డాక్టరు చెప్పాడు. కంట్లోకే ఇంజెక్షన్లు ఇస్తే, గీతలు మళ్లీ తిన్నబడ్డాయి. "ఇంట్లో తిన్నగా ఉండేదేదైనా ఒక్కో కంటితో రోజూ చూసుకోండి. వంగినట్టు కనిపిస్తే ఆ రోజే రండి. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు" అన్నాడు. ఈ పొద్దున అంకమ్మరావు చెయ్యి కంటి మీంచి దిగలేదు. "ఏందయ్యా, మాట్లాడవే?" అంది సుబ్బరావమ్మ. ఆయన గుమ్మానికి ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు. వాకిట్లోకి అడుగుపెట్టిన జక్రయ్యను గొంతు తగ్గించి పిలిచాడు. "ఈ గుమ్మం చెక్క వంగిందేమోరా... తాడు తీసుకురా. బాగా బిగించి పట్టుకో."