తొమ్మిది గంటల బండిలో తెరిసమ్మ గారు

తెరిసమ్మ గారు ప్రశ్నలు తప్ప మరో రకం వాక్యం మాట్లాడరు. ఇది ఏదో నవ్వించడానికి చెప్తున్న మాట కాదు. మా మండల పరిషత్ సమావేశాల మినిట్స్ నాలుగేళ్ళుగా రాస్తున్నది నేనే. ఆ పుస్తకాల్లో ఆవిడ అన్న మాటల చివర ఒక్క ఫుల్‌స్టాపు కూడా లేదు.

ఆవిడ లింబగుడ నుంచి గెలిచిన మండల సభ్యురాలు. వయసు అరవై రెండు. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆశ్రమ పాఠశాలలో వంట చేశారు. తిన్నావా, ఇంకా కావాలా, కంచం కడిగావా అని రోజూ మూడు వందల మంది పిల్లల్ని అడిగి అడిగి రిటైరయ్యారు. అలవాటు అక్కడే పడిందని అందరూ అంటారు. ఆవిడ తమ్ముడు అహరోను మాత్రం ఒప్పుకోడు. అక్క పుట్టగానే ఏడవలేదనీ, మంత్రసానిని ఏదో అడిగిందనీ వాళ్ళమ్మ చెప్పేదట. అతను చర్చిలో పెద్ద కాబట్టి నేను నమ్మాను.

నేను నర్సీపట్నం నుంచి వచ్చి ఆఫీసులో చేరిన రోజు, ఆవిడ నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి మా ఇంటి వాకిలి ఏ దిక్కుకి ఉందో, మా మేనత్త ఎవరితో మాట్లాడటం మానేసిందో చెప్పేశాను. సాయంత్రం, మేనత్త ఎందుకు మానేసిందని అడిగారు. నాకు తెలియదన్నాను. ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా అన్నట్టు చూశారు. కనుక్కున్నాను.

ఆవిడని మనం ఏమైనా అడిగితే మాత్రం జవాబు రాదు. బాగున్నారా అంటే, బాగోక ఏటి అంటారు. ఎప్పుడొచ్చారంటే, బస్సెప్పుడు వస్తాదని మనల్నే అడుగుతారు. మా ఎంపీపీ ఫల్గుణ గారు, అంటే మండల అధ్యక్షుడు, ఒకసారి పట్టుబట్టి ఆవిడ చేత అవును అనో కాదు అనో అనిపించాలని చూశారు. గంటన్నర తర్వాత ఆయనే అవును అన్నారు. దేనికి అన్నారో నేను రాసుకోలేకపోయాను.

అందరికంటే ఎక్కువ బాధ పడినవాళ్ళు డ్రైవర్లు. ఎవరి పింఛను పనికో, ఎవరి ఆసుపత్రి పనికో ఆవిడ వారానికి మూడుసార్లు పాడేరు వెళ్తారు. వెళ్ళినప్పుడల్లా డ్రైవరు పక్క సీటే ఎక్కుతారు. అతను ఉత్త ఊఁ అంటే ఒప్పుకోరు. ఒక డ్రైవరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అది ఏ పాట అని అడిగారు, ఎవరు పాడారని అడిగారు, తర్వాత నువ్వు పాడలేవా అని అడిగారు. జీపు ఊరు చేరేసరికి అతను పాడుతున్నాడు. నెల తిరక్కుండా పాచిపెంట వైపు రూటు వెతుక్కుని వెళ్ళిపోయాడు. అక్కడ నీళ్ళు తనకి పడతాయట.

చివరికి నిలిచిన డ్రైవరు సోంబరు ఒక్కడే. పాడేరు నుంచి మా వైపు ఆఖరి బస్సు ఆరున్నరకి. ఆ తర్వాత ఆసుపత్రి నుంచి వచ్చేవాళ్ళకీ, దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకీ, సంతలో సరుకు అమ్ముకుని ఆలస్యమైనవాళ్ళకీ తొమ్మిదింటికి బయలుదేరే సోంబరు జీపే దిక్కు. అది డీజిలు జీపు. దాని మోత రెండు కొండల ముందే వినిపించేది, దాని పొగ రెండు కొండల వెనక దాకా ఉండేది.

ఈ జీపు బదులు రాత్రి పూట మంచి బండి నడపాలన్న అంశం రెండేళ్ళుగా మా అజెండాలో ఉంది. పెట్టించింది తెరిసమ్మ గారే. ప్రతి సమావేశంలోనూ రాత్రి బండి ఎప్పుడని అడిగేవారు. ప్రతి సమావేశంలోనూ పరిశీలనలో ఉందని నేను రాసేవాణ్ణి. ఆ వాక్యం రాయడంలో నా చేతివ్రాత బాగా మెరుగుపడింది.

అలాంటిది పోయిన ఏడాది నిజంగానే బండి వచ్చింది. ఒక కంపెనీ వాళ్ళు బ్యాటరీ వ్యాను ఒకటి తెచ్చారు. పొగ లేదు, చప్పుడు లేదు. పద్దెనిమిది సీట్లు. నెలాఖరులోగా మండలం తీర్మానం చేస్తే బండి మాది, లేకపోతే ఇంకో మండలానికి వెళ్ళిపోతుంది. సోంబరుకి నేర్పించి అతన్నే డ్రైవరుగా పెట్టుకుంటామన్నారు. సభ్యులందరూ బల్లలు చరిచారు.

తెరిసమ్మ గారు లేచి వెళ్ళి, బయట నిలిపిన బండి చుట్టూ తిరిగి వచ్చారు. డ్రైవరు గదిని మిగతా బండి నుంచి వేరు చేస్తూ ఒక అద్దం గోడ ఉంది. దాని మీద ఎర్ర రంగుతో, బండి నడుస్తున్నప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు అని రాసి ఉంది. డ్రైవరు పక్కన సీటు లేదు.

"అద్దం తీస్తారా, తియ్యరా?" అని ఆవిడ కంపెనీ ఇంజినీరుని అడిగారు.

అది ప్రయాణికుల భద్రత కోసం పెట్టిందని ఇంజినీరు చెప్పాడు. ఆవిడ మళ్ళీ అదే అడిగారు. అతను మళ్ళీ అదే చెప్పాడు. పదకొండోసారి దాకా లెక్కపెట్టి నేను వదిలేశాను. చెయ్యెత్తమన్నప్పుడు రెండేళ్ళుగా బండి అడిగిన మనిషే చెయ్యెత్తలేదు. ఏకగ్రీవం అయితేనే కంపెనీ ఒప్పుకుంటుంది కాబట్టి తీర్మానం ఆగిపోయింది.

ఊళ్ళలో అందరికీ కోపం వచ్చింది. పక్కన కూర్చుని వాగడానికి సీటు లేదని ముసలామె బండినే పోగొడుతోందన్నారు. నేను కూడా ఆ మాటే అన్నాను, కాకపోతే గొంతు తగ్గించి. ఫల్గుణ గారు మధ్యేమార్గం వెతికారు. ఒక రాత్రి అందరం ఆ బండిలోనే ప్రయాణం చేసి చూద్దాం, ఆ తర్వాత ఆవిడే ఒప్పుకుంటారని ఆయన ఆశ.

ఆ రాత్రి తొమ్మిదింటికి పాడేరులో బయలుదేరాం. ముందు సీట్లో తెరిసమ్మ గారు, ఆవిడ పక్కన నేను, వెనక ఫల్గుణ గారు, ఇంజినీరు, రోజూ వచ్చే పదిమంది జనం. అద్దానికి అవతల సోంబరు. బండి నీళ్ళ మీద పడవలా సాగింది. పావుగంటలో వెనకవాళ్ళందరూ నిద్రపోయారు. అందరికంటే ముందు నిద్రపోయింది ఇంజినీరు. తన బండి మీద అంత నమ్మకం ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

లింబగుడ వచ్చింది. బండి ఆగింది. తెరిసమ్మ గారు దిగలేదు. మీ ఊరే కదా అమ్మా అన్నాను. "అయితే?" అన్నారు. బండి కదిలింది. లింబగుడ దాకా రోడ్డు చదును. అక్కడి నుంచి ఆఖరి ఊరు కొండరాయిపుట్టు దాకా పద్నాలుగు మలుపుల ఘాటీ.

ఆవిడ అద్దానికి మొహం ఆనించి సోంబరుని ఏదో అడిగారు. అతనికి వినపడలేదు. వేళ్ళతో తట్టారు. మొదటి మలుపులో అతను తల తిప్పి నవ్వాడు. మూడో మలుపులో చెయ్యెత్తాడు. ఆరో మలుపులో ఏమీ చెయ్యలేదు. నేను కళ్ళు మూసుకోబోతుండగా ఆవిడ సంచిలోంచి స్టీలు టిఫిను డబ్బా తీసి, అద్దం పగిలేలా బాదడం మొదలుపెట్టారు.

బండి ఒక్క కుదుపుతో ఆగింది. కిందికి దిగి చూశాను. ముందు చక్రానికీ అంచున పాతిన రాళ్ళకీ మధ్య ఒక జానెడు రోడ్డు మిగిలింది.

సోంబరు రోడ్డు పక్కన కూర్చున్నాడు. తెరిసమ్మ గారు సీసాలో నీళ్ళు అతని తల మీద పోసి, మధ్యాహ్నం ఏం తిన్నాడో అడిగారు. అతను జవాబు చెప్పాక నా వైపు తిరిగాడు.

"సారూ, పొద్దున్న అయిదు కాణ్ణుంచి ఇంకో బండి కూడా తోల్తన్నాను. ఇంట్లో ఆరుగురం. జీపయితే ఆ గోలకే నిద్దర రాదు, అమ్మగోరు మాటాడతారు. ఇందల రెండూ లేవు" అన్నాడు. తర్వాత, ఇంతవరకూ తన జీపులో ఆవిడ ఒక్క రాత్రి కూడా లింబగుడలో దిగలేదని చెప్పాడు. ప్రతిసారీ ఆఖరి ఊరి దాకా వచ్చి, తమ్ముడి కూతురు డాలీ ఇంట్లో పడుకుని, పొద్దున్న మొదటి బస్సుకి వెనక్కి వెళ్ళేవారట.

నేను ఆవిడ వైపు చూశాను.

"నాను దిగిపోతే ఘాటీలో ఆడితో ఎవులు మాటాడతారు?" అన్నారు.

ఈ సంగతి సమావేశంలో చెప్తే సరిపోయేది కదా, ఊరంతా మిమ్మల్ని అన్ని మాటలు అంది కదా అన్నాను. ఆవిడ టిఫిను డబ్బాకి పడిన సొట్టని బొటనవేలితో సరిచేసుకున్నారు.

"డ్రైవరుకి నిద్దరొస్తాదని పుస్తకంల రాస్తే, ఆడి ఉద్యోగం ఉంటాదేటి, బాబూ?"

ఇంతలో ఇంజినీరు లేచి కిటికీలోంచి తల పెట్టి, బండి ఎందుకు ఆగిందని అడిగాడు. చల్లగాలి మీకు ఒద్దా అని ఆవిడ అడిగారు. అతను దిగి, గాలి పీల్చుకుని, చాలా బాగుందన్నాడు. ఫల్గుణ గారు మాత్రం అప్పటికే లేచి, చక్రం దగ్గర వంగి ఆ జానెడు రోడ్డుని చూస్తున్నారు. మిగతా మలుపులు నడిచి వెళ్దామన్నారు. అరికాళ్ళకి మంచిదట. ప్రయాణికులందరం నడిచాం. బండి మా వెనక మెల్లగా వచ్చింది. దాని పక్కన నడుస్తూ తెరిసమ్మ గారు సోంబరు మేనమామల గురించి కనుక్కున్నారు.

నాలుగు రోజుల తర్వాత సమావేశంలో ఫల్గుణ గారే మూడు తీర్మానాలు పెట్టారు. ఒకటి, రాత్రి బండి డ్రైవరు పగలు ఏ బండీ నడపకూడదు, అయినా జీతం పూర్తిగా ఇవ్వాలి. రెండు, అద్దం తీసెయ్యాలి. మూడు, డ్రైవరు పక్కన ఒక సీటు వెయ్యాలి. అద్దం ఎందుకు తీయాలో కారణం రాయాలని ఇంజినీరు పట్టుబట్టాడు. గాలి, వెలుతురు నిమిత్తం అని రాశాను. రాత్రి బండికి వెలుతురేమిటని ఎవరూ అడగలేదు. అడగగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆవిడ ఆ పూట చెయ్యెత్తి కూర్చున్నారు.

ఇప్పుడు బండి బాగా నడుస్తోంది. సోంబరు పగలంతా నిద్రపోతున్నాడు, కొంచెం ఒళ్ళు కూడా చేశాడు. పక్క సీటు అవసరం ఇక లేదని సంగతి ఎరిగిన మా అందరికీ తెలుసు. అయినా అది ఒక్క రాత్రీ ఖాళీగా ఉండదు, ఆవిడ రాని రోజు ఇంకెవరో ఎక్కుతారు. పోయిన నెల తెరిసమ్మ గారు కంటి ఆపరేషనుకి విశాఖ వెళ్ళినప్పుడు, ఆ వారం ఆ సీటు నాకు అప్పగించారు.

మొదటి రాత్రి నేను బాగానే మొదలుపెట్టాను. ఏం తిన్నావు, ఎన్నింటికి లేచావు, పిల్లలేం చదువుతున్నారు. మూడో మలుపు వచ్చేసరికి నా దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. బండిలో చప్పుడు లేదు. నేను గొంతు సవరించుకుని, వర్షం పడేలా ఉందన్నాను. సోంబరు నా మీద జాలిపడ్డాడు.

"సారూ, నాకు పెళ్ళి ఎలా కుదిరిందో అడగండి. అది సెప్పడానికి ఎనిమిది మలుపులు పడతాది" అన్నాడు.

అడిగాను. పదకొండు పట్టాయి.