మునెమ్మకు ఇవ్వని బంతి

నిన్న మా చిన్నదానికి జలుబు చేస్తే, వేడినీళ్ళ గిన్నెలో నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసి, తలమీద దుప్పటి కప్పి ఆవిరి పట్టిస్తూ, దానికి తోడుగా నేను కూడా దుప్పట్లోకి తల దూర్చాను. కళ్ళు చురుక్కుమన్నాయి. ఆ ఘాటు ముక్కుకెక్కగానే మదనపల్లెలో మా ఆడపిల్లల హైస్కూలు ఆటలగది కళ్ళముందుకొచ్చింది. గోనెసంచిలో గాలి తగ్గిన మూడు బంతులు, మూలన సున్నం డబ్బా, ఎలుకలు కొరికిన వాలీబాల్ వల, మేకులకు వేలాడే ఆకుపచ్చ బనియన్లు, వాటి చెమట వాసన, అన్నింటి మీదా మేము మడమలకు రుద్దుకునే ఈ తైలం వాసన.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. కార్తీకం దాటిందంటే మా ఊరి చలికి పెదాలు పగిలి నెత్తురు కారేవి. ఇంటింటా అనపకాయల కాలం. పెద్దవాళ్ళు రాత్రి నానబెట్టిన గింజల్ని పొద్దున్నే అరుగుల మీద కూర్చుని పితుకుతుంటే, జారిపడ్డ పప్పులు ఏరుకుని నోట్లో వేసుకుంటూ, నిన్నటి సంగటి ముద్దలో ఊరిబిండి పచ్చడి నంజుకుని తిని, ప్రార్థన గంటకు ముందే గ్రౌండుకు పరుగెత్తేవాళ్ళం. అది ఎర్రమట్టి నేల. రెండు ఇనుప స్తంభాలు, వల లేని రెండు బాస్కెట్‌బాల్ రింగులు. గాలి అటునుంచి వీస్తే మార్కెట్టు యార్డులో పారబోసిన టమాటాల పులిసిన వాసన. చెప్పుల్లేని కాళ్ళకు పల్లేరుకాయలు గుచ్చుకుంటే ఒంటికాలి మీద నిలబడి పెరుక్కుని మళ్ళీ ఆడేవాళ్ళం. ఆడేవాళ్ళం అంటున్నానుగానీ, ఓడేవాళ్ళం అనాలి. పుంగనూరు చేతిలో ఓడాం, వెంకటగిరికోట చేతిలో ఓడాం, కుప్పం చేతిలోనైతే ప్రతి ఏడూ ఓడాం.

మా టీములో ఒక్క మునెమ్మే ఆటగత్తె అని లోకం అనుకునేది. సోమల పక్క పల్లెలోని రైతు కూతురు. మదనపల్లెలో వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. తొమ్మిదో తరగతికే మా మేష్టర్లందరికంటే పొడుగు. గుడిసె నడుమ నిలిపే గుంజను మా పక్క నిట్రాడి అంటారు. బడిలో ఆమెకు అదే పేరు. వీధిలో నడిస్తే పిల్లలు వెంటపడి "నిట్రాడీ, పైన వాన పడతాండాదా?" అని అరిచేవాళ్ళు. ఆ పిల్ల తల ఎత్తి నడవగా నేను చూసింది గ్రౌండులో మాత్రమే. మా ఆట పద్ధతి ఒకటే. బంతి దొరికితే మునెమ్మకు విసరడం, తర్వాత నలుగురం నిలబడి చూడటం. అవతలివాళ్ళు ముగ్గురేసి ఆమె మీద పడి గిల్లి, రక్కి, జడపట్టి లాగేవాళ్ళు. వాళ్ళ మధ్యలోంచి చేతులెత్తి నాలుగైదు గోల్సు వేసేది. అవే మా గోల్సు. మ్యాచి అయ్యాక జనం "ఆ పొడుగుపాప బాగా ఆడె" అని పోయేవాళ్ళు. నా పేరు ఎవరికీ తెలిసేది కాదు. నేను పొట్టిదాన్ని, పరుగు మాత్రం ఉండేది. పరుగెత్తి ఎక్కడికి పోవాలో తెలియని పరుగు.

ఆ ఏడు బడి తెరిచిన కొత్తల్లో అనంతపురం వైపునుంచి శ్యామల మేడం వ్యాయామం టీచరుగా వచ్చింది. సన్నగా, నల్లగా, నవ్వకుండా ఉండేది. మా మ్యాచి ఒకటి చివరిదాకా చూసి, మమ్మల్ని నేలమీద కూర్చోబెట్టి, మేము ఆడుకునే గచ్చకాయలు అడిగి తీసుకుని మట్టిలో ఐదింటిని పరిచింది.

"ఇది మీ ఆట. ఒకటి బంతి పట్టుకోనుండాది, నాలుగు సచ్చిపడుండాయి," అంది. తర్వాత ఒక గచ్చకాయను రింగు వైపు జరిపి, అది ఉన్న చోటికి ఇంకోదాన్ని, దాని చోటికి మరోదాన్ని జరుపుతూ చెప్పింది. "బంతి ఇచ్చినోళ్ళు ఆడ్నే నిలబడకూడదు. రింగు తట్టు ఉరకల్ల. బంతి తిరిగి రాలేదా, అవతలపక్కకు పోవల్ల. ఆ జాగాలోకి ఇంకొకరు రావల్ల. బంతి లేనోళ్ళు పక్కనోళ్ళను ఇడిపించేదానికి అడ్డం నిలబడల్ల. దీన్ని మోషన్ అంటారు. పొడుగూ లేదు, పొట్టీ లేదు. ఎవురు ఖాళీగా ఉంటే వాళ్ళకే బంతి."

మేము దానికి తిరుగుడాట అని పేరు పెట్టుకున్నాం. మొదటి రెండు వారాలు బంతిని నేలకు కొట్టనివ్వలేదు. ఇవ్వడం, ఉరకడం, ఇవ్వడం, ఉరకడం. ఖోఖో ఆడిన కాళ్ళు కాబట్టి నాకు తొందరగా పట్టుబడింది. దర్జీ కూతురు షాహిదా మా కెప్టెను. ఆమెకూ వచ్చేసింది. రానిది మునెమ్మకే. ఇన్నేళ్ళూ బంతి తన దగ్గరికి వచ్చేదాకా నిలబడటమే ఆమె పని. ఆ అలవాటు కాళ్ళలోంచి పోలేదు. మేడం ఒక నియమం పెట్టింది. ఎవరైనా ఇచ్చాక నిలబడిపోతే మిగతావాళ్ళు ఒకటీ రెండూ మూడూ అని గట్టిగా లెక్కపెట్టాలి. మూడు అయ్యేలోగా కదలకపోతే అందరూ గ్రౌండు చుట్టూ ఒక రౌండు పరుగెత్తాలి, నిలబడిన పిల్ల మాత్రం బంతిని తలమీద ఎత్తిపట్టుకుని మధ్యలో నిలబడి చూడాలి. ఆ శిక్షలో ఉన్న క్రూరత్వం అప్పుడు తెలియలేదు. ఆమె తప్పుకు మా కాళ్ళలో పల్లేరుకాయలు దిగేవి. నాలుగో రౌండుకు రొమ్ములో మంట లేచేది. నడిమధ్యలో బంతి ఎత్తుకుని నిలబడిన మునెమ్మ మా వంక చూడలేక కిందికి చూసేది. వారం తిరిగేసరికి ఆ పొడుగు చూస్తేనే మాకు ఒళ్ళు మండేది.

ఆ తర్వాత పుంగనూరులో మ్యాచి ఆడాం. గెలిచాం. జీవితంలో మొదటిసారి గెలవడమంటే ఏమిటో తెలిసింది. బంతి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతుంటే అవతలి పిల్లలు ఎవర్ని పట్టాలో తెలియక బొంగరాల్లా తిరిగారు. మునెమ్మకు మేడం అడ్డం నిలబడే పని ఇచ్చింది. ఆమె గోడలా నిలబడితే, నన్ను తరుముకొచ్చే పిల్ల ఆమెను గుద్దుకుని ఆగిపోయేది, నేను ఖాళీగా వెళ్ళి గోలు వేసేదాన్ని. దెబ్బలన్నీ ఆమె పక్కటెముకలకు, గోల్సన్నీ మాకు. తిరుగు బస్సులో మేడం నా భుజం తట్టి "సుజా కాళ్ళల్లో ఇంజనుండాది" అంది. ఆ మాట నాకు తలకెక్కింది. బస్సు దిగేసరికి నేను వేరే పిల్లను.

మరుసటి రోజు కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, మునెమ్మ లేకుండా చూసి అన్నాను. "ఇంగ దానికి బంతి ఇయ్యద్దండి. దాని చేతిలోకి పోతే ఆట నిలబడిపోతాది."

షాహిదా చన్నీళ్ళు మొహాన కొట్టుకుంటూ ఆగింది. "పాపం కాదా సుజా?"

"రౌండ్లు కొట్టేటప్పుడు మన మీద పాపమనిందా అది?"

షాహిదా కొళాయి కట్టేసింది. ఆ రోజునుంచి ఎవరూ మునెమ్మకు బంతి ఇవ్వలేదు. తిరుగుడాటలో ఉన్న సుఖం అదే. పాత ఆటలో ఒకరికి బంతి ఇవ్వకపోతే గుడ్డివాడికైనా తెలిసిపోతుంది. ఇందులో అందరూ కదులుతూనే ఉంటారు, బంతి కదులుతూనే ఉంటుంది, నలుగురి మధ్యే తిరుగుతున్నదని ఎవరికీ పట్టదు. ఆ పిల్ల మాత్రం ఇప్పుడు నేర్చుకుంది. బంతి తనే ఇచ్చినట్టు ఉరికేది, అడ్డం నిలిచి మళ్ళీ రింగు కిందికి తిరిగేది, చెయ్యెత్తి "సుజా, ఈడ! ఈడుండా!" అని పిలిచేది. మేము ఆమె పక్కనుంచి ఉరికిపోయేవాళ్ళం. మేడం ఒకసారి "అందరికీ ఇయ్యండమ్మా" అంది. గెలుస్తూ ఉంటే రెండోసారి అనలేదు.

పండగ సెలవులకు ముందు కుప్పంలో పోటీలు. తెల్లవారుజామున బస్సెక్కితే పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట దాటి కుప్పం చేరేసరికి ఎండెక్కింది. దారంతా కిటికీల్లోంచి మంచు. మా అమ్మ పూర్ణం పెట్టి కాల్చి కట్టిచ్చిన ఓళిగల్లో నెయ్యి గడ్డకట్టుకుపోయింది. కుప్పం గ్రౌండు చుట్టూ తెలుగులో, కన్నడంలో, అరవంలో ఒకేసారి అరిచే జనం. శాంతిపురం వైపునుంచి రాళ్ళ లారీలు పోతుంటే ఆ దుమ్ము పళ్ళ మధ్య కరకరలాడేది.

రెండు మ్యాచిలు గెలిచి ఫైనలుకు వచ్చాం. ఎదురు కుప్పం వాళ్ళే. అప్పుడే మునెమ్మ నాయన వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన కూతురి ఆట చూడలేదు. ఊళ్ళో ఎవరో మీ పాప ఒక్కతే టీమును మోస్తాందని చెప్పారట, రెండు బస్సులు మారి వచ్చాడు. కూతురంత పొడుగే, మెడకు తువ్వాలు, చేతిలో ఉడకేసిన అనపకాయల మూట. గీత పక్కనే గొంతుకు కూర్చుని, మూట విప్పి మాకందరికీ దోసిళ్ళతో పెట్టాడు. "తినండి పాపా, మా సేనివే. తిని గట్టిగా ఆడండి," అన్నాడు. ఉప్పు వేసి ఉడికించిన ఆ కాయలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. వేళ్ళు నాక్కుంటూ తిన్నాను.

ఆయన వచ్చాడు కదా, ఈ ఒక్క రోజుకు ఇద్దామని నేను అనుకుని ఉండాల్సింది. అనుకోలేదు. షాహిదా నా వంక చూసింది, నేను తల అడ్డంగా ఊపాను.

మ్యాచి మొదలైన కాసేపటికి ఆ మనిషికి అర్థమైంది. చూసేవాళ్ళెవరికీ అర్థం కానిది, బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియని ఆయనకు అర్థమైంది. ఎందుకంటే ఆయన బంతిని చూడటం లేదు, కూతుర్ని చూస్తున్నాడు. లేచి నిలబడి "మా పాపకు ఈరేల? ఏమ్మా, మా పాపకు బంతి ఈరేల?" అని అరిచాడు. జనం నవ్వారు. ఎవడో అరవంలో ఏదో అన్నాడు, ఇంకా నవ్వారు. మునెమ్మ మెడ ఎర్రబడింది. ఆమె ఆయన వైపు చూడకుండా ఉరికి, నా కోసం అడ్డం నిలబడింది. కుప్పం పిల్ల మోచెయ్యి తగిలి కింది పెదవి చిట్లింది. నెత్తురు బనియన్‌కు తుడుచుకుని మళ్ళీ నిలబడింది.

ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి నా చేతిలో ఉంది. రింగు కింద మునెమ్మ ఒక్కతే ఉంది, దగ్గర్లో ఎవరూ లేరు. చెయ్యి పైకెత్తి ఉంది. ఈసారి పిలవలేదు. నన్ను చూసింది, నేను చూశాను. చిట్లిన పెదవి, పైకెత్తిన చెయ్యి, వెనక గీత దగ్గర నిలబడిన ఆయన తువ్వాలు, అన్నీ ఒక్కసారే చూశాను. చూసి, ఇద్దరు మీద పడుతుండగా దూరంనుంచి నేనే విసిరాను. బంతి రింగు అంచున రెండుసార్లు ఊగి లోపల పడింది.

పడకపోయుంటే బాగుండేదని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. పడకపోయుంటే నేను తప్పు చేసినదాన్నయ్యేదాన్ని, తిట్లు తిని, ఏడ్చి, శుభ్రపడేదాన్ని. బంతి పడింది కాబట్టి నన్ను భుజాల మీదికెత్తారు. మేడం మొదటిసారి నవ్వింది.

నన్ను దించాక ఆయన దగ్గరికి వచ్చాడు. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. "పాపా, మా మునెమ్మ ఆడ ఖాళీగా ఉండె గదా. నువ్వు సూడలేదా?"

"సూడలేదప్పా," అన్నాను. నా వేళ్ళకు ఇంకా ఆయన పెట్టిన కాయల వాసన ఉంది.

మునెమ్మ నాకూ ఆయనకూ మధ్యకు వచ్చింది. "నా పని అడ్డం నిలబడేదే నాయనా. బంతి పట్టుకునేది నా పని కాదు. మేడమే అట్ల సెప్పుండాది," అంది. ఆయన కూతురి పెదవి వంక చూశాడు, తువ్వాలు కొస తడిపి తుడిచాడు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "పోదాం పద," అన్నాడు. ఆ పిల్ల మా బస్సులో రాలేదు, నాయనతో నేరుగా ఊరికి పోయింది.

సెలవులయ్యాక బడి తెరిచారు. మునెమ్మ రాలేదు. పది రోజులు చూసి మేడం ఆమె చిన్నమ్మ ఇంటికి నన్నూ షాహిదానూ వెంటబెట్టుకుని పోయింది. చిన్నమ్మ తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. "రాదంట మేడం. మా బావ ఒకే మాటన్నాడు. అడ్డం నిలబడేదానికి అంత దూరం పోవల్నా, మా సేన్లో దిష్టిబొమ్మ మాదిరి ఈడ్నే నిలబడుకోనీ అన్నాడు." మేడం మా ఇద్దరి వంకా చూసింది. ఆ సాయంత్రం రౌండ్లు పెట్టలేదు. ఆ ఏడాది అయ్యాక బదిలీ చేయించుకుని వెళ్ళిపోయింది. ఐదో మనిషిగా వచ్చిన పిల్లకు అడ్డం నిలబడటం రాలేదు, మేము మళ్ళీ ఓడటం మొదలుపెట్టాం.

మూడేళ్ళ కిందట తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి సోమల పోయినప్పుడు, అడిగి అడిగి మునెమ్మ వాళ్ళ చేను దగ్గరికి వెళ్ళాను. టమాటా చెట్లకు కట్టెలు నాటి తాడు కడుతోంది. అంత పొడుగు మనిషి రోజంతా ఆ మోకాటెత్తు చెట్ల మీదికి వంగి వంగి, నిటారుగా లేవడానికి నడుము మీద చెయ్యి వేసుకోవాల్సి వచ్చింది. గుర్తుపట్టింది.

"బాగుండావా సుజా?"

దారంతా కూడబలుక్కున్న మాట ఒక్కసారిగా అనేశాను. "మునెమ్మా, ఆ పొద్దు కుప్పంలో నేను నిన్ను సూసినా. సూసే ఇయ్యలా."

"తెలుసులే," అంది, తాడు ముడి పళ్ళతో బిగిస్తూ. "నువ్వు సూసింది నేనూ సూసినా. మా నాయనే, సచ్చిపొయ్యేదాకా ఆ పాప సూసుండదులే అనేవాడు. నేను అవుననేదాన్ని."

మా సీమలో పగవాడు గడప తొక్కినా మంచినీళ్ళు తాగుతావా అని అడుగుతారు. మునెమ్మ అడగలేదు. ఇంకో చెట్టు దగ్గరికి జరిగింది. నేను కాసేపు గట్టు మీద నిలబడి, బస్సు వేళయిందని నాకు నేనే చెప్పుకుని వచ్చేశాను.

ఇప్పుడు మా గ్రౌండు లేదు. స్తంభాలు కోసేసి, ఎర్రమట్టి మీద సిమెంటు పోసి, రోడ్డు వైపు వరసగా దుకాణాలు కట్టారు. అరుగులూ లేవు, పితికిపప్పు ప్యాకెట్లలో వస్తోంది. సాయంత్రం పూట ఆడపిల్లలు ఆ దారిన ట్యూషన్లకు పోతుంటారు, ఎవరి కాళ్ళకూ మట్టి అంటదు. పాత టీమువాళ్ళం ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఈమధ్య ఎవరో కుప్పం కప్పు సంగతి ఎత్తారు. "మనతో ఒక పొడుగుపిల్ల ఉండె కదా, పేరేమి?" అని ఒకరు అడిగారు. మిగతావాళ్ళెవరికీ గుర్తు రాలేదు. షాహిదా బెంగుళూరులో ఉంది, ఆమె చూసింది, జవాబివ్వలేదు. నేనూ ఇవ్వలేదు. ఇంతలో ఇంకొకరు "అదేమోగానీ, సుజా ఆఖర్లో వేసిన గోలు మాత్రం నేను సచ్చేదాకా మర్చిపోను" అని రాశారు. వరసగా చప్పట్ల బొమ్మలు పడ్డాయి.

అందరికీ కలిపి ఒక దండం బొమ్మ పెట్టాను.