మొక్కల నొప్పి మీద నా స్పీచు

జర మెల్లగ కూసోనియ్యుండ్రి సారూ, నడుము వంగుతలేదు. రెండు దినాలు లీవు ఎందుకు పెట్టిన్నని అడుగుతున్నరు గద, వినుండ్రి. తప్పంత నా నోరుదే.

వచ్చే వారం మన స్కూల్ల సైన్స్ ప్రోగ్రాంల సైన్స్ సారుగ నేను మొక్కల ప్రాణం మీద మాట్లాడాలె గద. మూడు దినాల కింద పొద్దుగాల ఇంట్ల టేప్ రికార్డర్ ముంగట ప్రాక్టీస్ చేస్తున్న. పక్కకు మా అమ్మ పాలకూర తుంచుతున్నది. "మొక్కలు కూడ మనలెక్కనే బాధపడతయి" అన్న, గొంతు జర వణికించి.

అమ్మ చెయ్యి ఆగింది. "నిజమేనారా? తెంపితే నొప్పి అయితదా?"

నొప్పి సంగతి ఎవరికీ పక్కాగ తెల్వదు. గని నేను స్పీచు ఊపుల ఉన్న. "మస్తు అయితదే. చెప్పనీకె నోరు లేదు గంతే."

మధ్యాహ్నం తినడానికి ఇంటికి పోతే, పాలకూర చెంబుల నీళ్లు పోసి నిలబెట్టి ఉంది. పళ్లెంల ఉత్త పప్పే. నవ్వుకుంట ముద్ద కలిపిన. ఆ దినమే ఊరి బయట మా పసుపు తవ్వుడు మొదలు.

"తవ్వేటోళ్లు వచ్చిండ్రానే?"

"ఇయ్యాల వద్దని పంపించి వచ్చిన" అన్నది అమ్మ.

ముద్ద చేతుల్నే ఉండిపోయింది. గీ సీజన్ల కూలోళ్లు దొరుకుడంటే మాటలా. సైకిలేసుకొని ఉరికిన. పన్నెండు మంది ఆడోళ్లు అప్పటికే పక్కోళ్ల చేన్ల తవ్వుతున్నరు. "ఇగ పది దినాల దాక రాము సారూ" అన్నరు.

ఇంటికొచ్చి ఒప్పుకున్న. "అమ్మా, నొప్పి సంగతి నాకు తెల్వదే. ఊకె పెంచి చెప్పిన."

అమ్మ నా మొఖం చూసింది. "సారువు గదరా. పిల్లలకు గూడ గిట్లనే చెప్తవా?"

"కూలోళ్లు ఇగ పది దినాల దాక రారంటనే" అన్న, మాట మార్చి.

"నేను ఒక్క దినం ఆగుండ్రి అన్న, ఆలోచించుకోనీకె" అన్నది. "పసుపు ఆకు ఎండి ఒరిగింది. దాని బతుకు అది బతికింది. ఇప్పుడు తవ్వుకుంటే తప్పులేదు. రేపు తవ్వాలె."

"ఎవరు తవ్వుతరే?"

"తెల్వకుండ తెలిసినట్టు చెప్పినోడు."

రెండు దినాలు గడ్డపార పట్టిన. అమ్మ గట్టు మీద కూసోని, "పైలం, పసుపు కొమ్ముకు తాకుతున్నది" అనుకుంట చూసింది. నాకేం తాకుతున్నదో ఒక్కపారి గూడ అడగలే.

మొక్కలకు నొప్పి తెలుస్తదో లేదో నాకు ఇప్పటికీ తెల్వదు. సైన్స్ సారుకు మాత్రం పక్కాగ తెలుస్తది.