మగ్గం గుంతలో దప్పిక

నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడాది అది. ధర్మవరంలో మా మగ్గం మీద పెళ్లి చీర ఒకటి సగం నేత దిగి ఉంది. మగ్గం కింది గుంతలోకి కాళ్లు దించి కూర్చుని నేస్తుంటే కుడి నడుములో పోటు మొదలై గజ్జల దాకా పాకింది. వాతమనుకున్నాను. నా భార్య ఓబుళమ్మ ఆముదం కాచి రుద్దింది. మరునాడు మూత్రంలో నెత్తురు చూసి ఇద్దరం హడలిపోయాం.

అనంతపురం ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి స్టోన్ అన్నారు, మందిచ్చి పంపారు. నొప్పి తగ్గితే మగ్గంలోకి దిగడం, తిరగబెడితే మంచమెక్కడం. ఏడాది పైనే అలా ఈడ్చాను. బతుకు మీద విసుగొచ్చింది. చివరికి చలిజ్వరం పట్టుకుంటే బెంగళూరు పెద్దాసుపత్రికి రైలెక్కించారు.

అక్కడి డాక్టరుగారిది హిందూపురం వైపు.

"నీళ్లు బాగా తాగుతాండావా అప్పా?"

"పని మీద కూర్చుంటే తాగం సార్. తాగితే మాటిమాటికీ ఒంటికి లేవాల. అంచు పోగు తోసే నాడె పక్కన కూర్చుని అందించేది నా భార్య. నేను లేస్తే ఆమె పని నిలిచిపోతాది, ఆమె లేస్తే నాది. మా నేతగాళ్లలో ఎవరూ తాగరు."

ఆయన కాగితం మీద అనపగింజల్లాంటివి రెండు గీశారు. "ఇవి కిడ్నీలు. వెన్నుకు అటొకటి, ఇటొకటి ఉంటాయి. ఒంట్లో నెత్తురంతా వీటిలోకొచ్చి వడగట్టుకొని పోతాది. మలినమంతా నీళ్లతో ఈ సన్నగొట్టంలో, యూరెటర్‌లో కిందికి దిగాల. నీళ్లు చాలకుంటే? ఉప్పునీళ్లు కాచిన కుండ అడుగు చూసినావు గదా, అట్లా పేరుకొని రాయవుతాది."

నా కుడి కిడ్నీ చీము పట్టి పాడైంది, తీసేయాలన్నారు.

"ఒకటి తీస్తే బతుకుతాడా సార్?" అని అడిగింది ఓబుళమ్మ.

"రెండోది బాగుండాదమ్మా. రెండింటి పనీ అదే చేస్తాది. దాన్ని కాపాడుకోవాల."

ఆపరేషన్ అయ్యాక కుట్లు మానక చాలాకాలం మంచంలోనే ఉన్నాను. దగ్గాలన్నా భయమే. మిగిలిన ఆ ఒక్కదాని మీద చెయ్యి వేసుకుని పడుకునేవాణ్ణి.

మళ్లీ మగ్గంలోకి దిగేనాటికి వానల్లేవు, బావులు అడుగంటాయి. ఓబుళమ్మ ఊరి బయటనుంచి బిందె మోసుకొచ్చి, తెల్లారినప్పటినుంచి నాకు ముంత అందిస్తూనే ఉండేది. ఒకరోజు అందిస్తూ అందిస్తూ నడుము పట్టుకుని గోడకు ఆనుకుంది.

"ఏమ్మే, యాడ నొప్పి?"

"ఈడనే. నీకొచ్చిన చోటే."

"నువ్వు తాగడంలేదా?"

"నేనుగూడా లేస్తే చీరెట్లా దిగుతాదయ్యా? ఈ నీళ్లు నీకే చాలవు."

డాక్టరు మాట ఇద్దరం పక్కపక్కనే విన్నాం. అది నా ఒక్కడికే చెప్పారనుకుంది ఆ పిచ్చిది. ఆ ముంత ఆమె చేతికే తిరిగిచ్చాను.

ఆమెది చిన్న రాయి, మందులతో, నీళ్లతో పడిపోయింది. నేను ఒక్క కిడ్నీతోనే నేస్తున్నాను. మధ్యాహ్నానికే సత్తువ అయిపోతుంది, చీరలు ఆలస్యంగా దిగుతున్నాయి. దిగనీ.

నాలాంటి రోగులకు చెప్పేదొకటే. నీళ్లు తాగమని మీకు డాక్టరు చెబుతారు. ముంత అందించే మనిషికి చెప్పేవాళ్లుండరు. తాగినావా అని అడిగితే తాగినా అంటుంది, నమ్మకండి. మీ ఎదుట ఆమె తాగాకే మీరు తాగండి.