రెండు వైర్లూ పీకిన మనిషి

ఆ రోజు కంగారులో రెండో వైరు పీకేశాడని మా ఆత్మకూరు కాలేజీలో అందరూ చెబుతారు. అబద్ధం. పక్కనే ఉన్నాను నేను, ఆయనకు కంగారే లేదు.

ఆయన ఉదయగిరి నుంచి రోజూ బస్సులో వచ్చి, కాలేజీ నెట్ నడిపే మా లైనక్స్ సర్వర్ కంప్యూటర్‌ను చూసుకునేవాడు. దానికున్న రెండు నెట్‌వర్క్ కార్డులను కలిపి ఒక్కటిగా చేశాడు; వాటి రెండు వైర్లలో ఒకటి ఊడినా నెట్ ఆగదు. గదిలోకి ఎవరొచ్చినా, చివరికి టీ తెచ్చే ఆమె వచ్చినా, ఒక వైరు పీకి చూపించి మురిసిపోయేవాడు.

ఆ సాయంత్రం ఐదులోపు ప్రాక్టికల్ మార్కులు అప్‌లోడ్ కాకపోతే ఆఖరి సంవత్సరం పిల్లల ఫలితాలు ఆగిపోతాయి. నేను సగం ఎక్కించేసరికి ప్రిన్సిపాల్ వచ్చాడు. ఈయన వెంటనే వైరు పీకాడు. అప్‌లోడ్ ఆగలేదు.

"అది ఉత్త వైరేమోలే. రెండోది పీకు, చూద్దాం" అన్నాడు ప్రిన్సిపాల్.

"ముందు మొదటిది పెట్టవయ్యా!" అని అరిచాను.

"రెండూ ఒకటే అయినాయి గదా మేడమ్, ఏది పీకితే ఏంది?" అంటూ రెండోదీ పీకాడు. అప్‌లోడ్ ఠక్కున ఆగింది.

చేతికొక వైరు పట్టుకుని చల్లగా నవ్వాడు. "భయపడబాకండి మేడమ్, ఇంకోటి ఉండాది."

నేనే వైర్లు గుంజుకుని పెట్టి, మళ్లీ మొదట్నుంచి ఎక్కించేలోపు గడువు దాటింది. పిల్లలు నెల రోజులు నన్ను తిట్టుకున్నారు.

ఆయన ఎక్కడ కనబడినా అడగాల్సింది ఒక్కటే: ఆ ఇంకోటి ఏది, మహానుభావా?